పథ్యం అనే మాట

పోషకాహార శాస్త్రంలో పట్టాలు అందుకున్న మీకు నా అభినందనలు.

1895లో భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో కన్నుమూశారు. తర్వాత అమెరికాలో ఆయన బృందం ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ ఫోలిక్ ఆమ్లానికే అడ్డుపడే అమినోప్టెరిన్‌నూ అదే బృందం ఇచ్చింది. రక్త క్యాన్సర్‌తో ఉన్న పిల్లల్లో కొందరికి దానితో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. పేగును నిలబెట్టే మందు, పేగును గాయపరిచే మందు ఒక్కచోటే పుట్టాయి. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజుల్లో కొత్తదవుతుంది. అమినోప్టెరిన్ లాంటి కీమో మందులు వేగంగా పెరిగే కణాల మీద పడతాయి, ఆ పొరనూ వదలవు. నోటిపూత, విరేచనాలు అందుకే.

నేను క్యాన్సర్ వార్డులో పనికి చేరిన కొత్తలో, కీమో తీసుకుంటున్న ఒక పెద్దావిడకు మొలకలు, పచ్చికూరలు, ముడిబియ్యం రాసిచ్చాను. మూడో కీమో తర్వాత విరేచనాలతో సోలిపోయి వచ్చింది. "నువ్వు రాసిచ్చినవన్నీ తిన్నానమ్మా" అంది. ఆ చీటీ ఆరోగ్యవంతులకు సరిపోతుంది, ఆవిడకు కాదు. పథ్యమంటే తగినది అని అర్థం. మనం దాన్ని 'వద్దు'ల జాబితాగా మార్చేశాం.

విరేచనాల రోజుల్లో ఉప్పు వేసిన గంజి, మెత్తని అన్నం, పెసరకట్టు, అరటిపండు, బాగా ఉడికిన గుడ్డు, ఓఆర్ఎస్. పాలు పడకపోతే కొన్నాళ్లు ఆపించి, మళ్లీ మొదలుపెట్టించండి. 5-ఎఫ్‌యూ అనే కీమో మందును ఒక్కసారిగా ఇచ్చేటప్పుడు అరగంట ఐసుముక్కలు చప్పరిస్తే నోటిపూత తగ్గుతుంది. ఇంత చవకైన ఉపాయాన్ని ఆ మందు ఇచ్చే ముందే చెప్పడం మరవకండి. తెల్లకణాలు పడిపోయినప్పుడు ప్రోబయాటిక్స్ డాక్టరును అడగకుండా రాయవద్దు. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే తిండి మాట పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి రమ్మనండి.

ఆ పెద్దావిడకు రెండోసారి నేను చీటీ రాయలేదు. మంచం పక్కన కూర్చుని, "నిన్న ఏం తినగలిగారు?" అని అడిగాను.

"మెత్తని అన్నంలో పలచగా చారు పోసుకుంటే నాలుగు ముద్దలు దిగాయమ్మా."

అక్కడి నుంచి మొదలుపెట్టాం.