మనవళ్ళ ఆటలు – మన ఇంటి సామాన్లు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా పెద్దలు పెన్షను గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడారు. నన్నేమో చిన్న పిల్లల చదువు మీద మాట్లాడమన్నారు. నేను టీచరును కాను. టర్బైన్ మెయింటెనెన్సులో పనిచేసినవాణ్ణి. అయినా ఎందుకు ఒప్పుకున్నానంటే, మన పాల్వంచలో మన వాళ్ళ ఇళ్ళు ఒక్కసారి లెక్క వేసి చూడండి. కొడుకూ కోడలూ, లేదా కూతురూ అల్లుడూ, హైదరాబాదులో ఉద్యోగాలు. ఇద్దరూ ఉదయం పోతే రాత్రికి గాని ఇల్లు చేరరు. మూడేళ్ళ పిల్లో పిల్లవాడో మన దగ్గర. అన్నం పెట్టడం, స్నానం చేయించడం మనకు తెలుసు. మిగతా పన్నెండు గంటలు ఏం చేయాలి అన్నదే ప్రశ్న. చాలా ఇళ్ళలో దానికి జవాబు సెల్‌ఫోను.

మా ఇంట్లోనూ ఒక మనవరాలు ఉంది. బుజ్జి అంటాము. మూడున్నర దాటి నాలుగులోకి వస్తోంది. మొన్న సంక్రాంతి సెలవుల్లో అబ్బాయీ కోడలూ వచ్చి, జూన్‌లో హైదరాబాదు తీసుకుపోతామని ముందే ఒక బడిలో చూపించారు. ఆ బడి వారు పిల్ల చేతికి పెన్సిలు ఇచ్చి, "అ" రాయమన్నారు. పిల్ల పెన్సిలును గుప్పిటితో పట్టుకుని కాగితం నిండా చుట్టలు చుట్టింది. "మీ పాప వెనకబడి ఉంది, ఇంటి దగ్గర రోజుకు రెండు పేజీలు రాయించండి" అన్నారట. కోడలు ఫోనులో ఏడ్చినంత పని చేసింది. "మామయ్యగారూ, మీరు కొంచెం కూర్చోబెట్టి రాయించండి" అంది. తల్లి బాధ అర్థం చేసుకోవలసిందే. కాని నేను రాయించలేదు. ఎందుకు రాయించలేదో చెప్పడానికే ఈ పది నిమిషాలు.

మనకు తెలిసిన భాషలో చెబుతాను. షట్‌డౌన్ తరువాత చల్లబడిపోయిన యూనిట్ ఉందనుకోండి. బాయిలర్ లైటప్ చేయగానే లోడు అడుగుతామా? స్టీమ్ తగిన వేడికి రావాలి, టర్బైన్ రోలింగ్ మొదలుపెట్టాలి, మధ్యలో ఒక స్పీడు దగ్గర సోకింగ్ ఇవ్వాలి, 3000 ఆర్.పి.ఎం.కి తెచ్చి సింక్రనైజ్ చేయాలి, ఆ తరువాతే లోడు. తొందరపడితే ఇనుములో ఒక వైపు వేడి, ఒక వైపు చల్లదనం, రోటరు వంగుతుంది. లోడ్ డిస్పాచ్ నుంచి ఎంత ఫోను మోగినా షిఫ్టు ఇంజనీరు సోకింగ్ టైము తగ్గించడు. అంత గట్టి ఇనుముకే ఆ మర్యాద ఇచ్చాము.

పిల్ల చేయి ఇనుము కాదు, సరికదా ఇంకా పూర్తిగా ఎముక కూడా కాదు. మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థి, ఎక్స్‌రేలో కనపడవు. ఏళ్ళ మీద ఒకటొకటిగా గట్టిపడుతూ వస్తాయి. మూడు నాలుగేళ్ళ పిల్లలకు సగం కూడా సరిగా కనిపించవు. చివరిది కనిపించేసరికి ఇంచుమించు పదేళ్ళు. అందుకే డాక్టర్లు మణికట్టు ఎక్స్‌రే చూసి పిల్లల వయసు అంచనా వేస్తారు. అటువంటి చేతికి సన్నటి పెన్సిలు ఇచ్చి రెండు పేజీలు రాయమంటే గుప్పిటితో పట్టుకోక ఏం చేస్తుంది?

మన పెద్దవాళ్ళకు ఎక్స్‌రే లేకపోయినా ఈ సంగతి తెలుసు. అక్షరాభ్యాసం నాడు పలక మీద బలపంతో మొదలుపెట్టించేవారు కాదు. పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని బియ్యంలో దిద్దించేవారు. వీధిబడుల్లో ఇసుకలో వేలితో దిద్దించేవారు. ఆండ్రూ బెల్ అనే దొర 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపాడు. పక్కనున్న మన పల్లె బడిలో పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి, తన ఆశ్రమంలోనూ ఇసుక పరిపించాడు. 1797లో లండనులో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. మద్రాసు పద్ధతి అని ఆ దేశంలో పేరు కూడా వచ్చింది. అంటే మన వీధి అరుగు మీది ఇసుక సీమకు వెళ్ళి పేరు తెచ్చుకుంటే, మనం కాన్వెంటు పేరు చెప్పి దాన్ని ఇక్కడ ఊడ్చి పారేశాము.

ఇక మాంటిస్సోరి. ఈ పేరు బోర్డుల మీద చూడని ఊరు లేదు. బోర్డు పెట్టినవారందరూ ఆవిడ చెప్పింది చదివారా అంటే నాకు అనుమానమే. మరియా మాంటిస్సోరి ఇటలీ దేశపు డాక్టరు. 1907 జనవరిలో రోము నగరంలో కూలివాళ్ళ పేటలో మొదటి పిల్లల ఇల్లు తెరిచింది. 1939లో దివ్యజ్ఞాన సమాజం వారి పిలుపు మీద మద్రాసు అడయారు వచ్చింది. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలో దిగడంతో ఇంగ్లీషువారు ఆవిడను శత్రుదేశస్థురాలిగా లెక్కగట్టారు. కొడుకును నిర్బంధించి, ఆవిడ 70వ పుట్టినరోజుకు విడుదల చేశారు. యుద్ధం ముగిసే దాకా ఆవిడ ఈ దేశంలోనే ఉండి, వెయ్యికి పైగా టీచర్లకు శిక్షణ ఇచ్చింది. మన తెలుగు నాట విజయవాడలో 1955లో మాంటిస్సోరి పేరుతో చిన్నపిల్లల బడి పెట్టిన వి. కోటేశ్వరమ్మ గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ డాక్టరమ్మ పద్ధతిలో కూడా అక్షరం ముందు వేలితోనే. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్ట మీద అంటిస్తారు, పిల్ల వాటి మీద వేలు నడుపుతుంది. మన బియ్యం పళ్ళానికి చుట్టమే.

అయితే ఆవిడ సామగ్రి ఖరీదైనది. దాన్ని మన ఇంటి ముంగిలికి దించినవారు మనవాళ్ళే. గుజరాతులో గిజుభాయి బధేకా అనే వకీలు, కొడుకు పుట్టాక పిల్లల చదువు గురించి ఆలోచిస్తూ ఆలోచిస్తూ వకాలతు వదిలేసి, 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. మీసాలున్న అమ్మ అని పిలిచేవారు ఆయనను. మగవాళ్ళకు ఇటువంటి పనులేమిటి అని పేపరు చాటున కూర్చునే మన సోదరులు ఆ మాట గుర్తుపెట్టుకోవాలి. ఆయన దగ్గర పనిచేసిన తారాబాయి మోడక్, ఆమె శిష్యురాలు అనుతాయి వాఘ్, 1945లో బొంబాయికి ఉత్తరాన బోర్డీలోను, తరువాత కోస్‌బాడ్ కొండ మీద వార్లీ గిరిజన పిల్లలతోను పనిచేశారు. డబ్బు లేదు. ఆకులు, గవ్వలు, గులకరాళ్ళు, గింజలు, ఇవే వారి సామగ్రి. పిల్లలు బడికి రాకపోతే వాళ్ళ ముంగిట్లోనే బడి పెట్టారు. అంగన్‌వాడీ అన్న మాట ఆ ముంగిటి బడి నుంచి వచ్చిందే. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 ప్రాజెక్టులతో మొదలుపెట్టిన పథకంలో ఆ పేరే దేశమంతా నిలబడింది. కిన్నెరసాని దాటి అడవిలోకి పోతే కోయగూడేల్లో కనిపించే అంగన్‌వాడీ బోర్డు వెనక ఇంత కథ ఉంది.

సరే, మన ఇంటికి వద్దాం. నేను ఒక్క బొమ్మా కొనలేదు. అటక మీద నుంచి మా అమ్మ నాటి ఇత్తడి కొలపాత్రలు దింపాను. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. వెడల్పాటి పళ్ళెంలో బియ్యం పోసి ఆ పాత్రలు ముందు పెట్టాను. ఏమీ చెప్పలేదు. వారం రోజులు పోసుకోవడం, ఒంపుకోవడం తప్ప ఏం చేయలేదు. ఇల్లంతా బియ్యం, మా ఆవిడ చేతిలో చీపురు. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, "తాతా, ఇది రెండుసార్లు పోస్తే అది నిండుతోంది" అంది. రెట్టింపు అన్న మాట ఆ పిల్లకు తెలియదు, సంగతి తెలిసింది. ఆ మాట నేను చెప్పి ఉంటే వల్లెవేసేది, అంతే.

వంటింట్లో మా ఆవిడ పక్కన ఇంకా పెద్ద బడి నడుస్తోంది. చపాతీ పిండి పిసకడం, బఠాణీలు వొలవడం, కందులూ పెసలూ కలిస్తే ఏరడం, జల్లెడ పట్టడం, ఆరిన తువ్వాళ్ళు అంచు మీద అంచు పెట్టి మడవడం. వేళ్ళకు పట్టు వచ్చేది ఇక్కడే. పని చేస్తూ మా ఆవిడ మాట్లాడుతూనే ఉంటుంది. పొట్టు, పప్పు, నూక, తవుడు, పిడికెడు, చారెడు, దోసెడు. ఈ మాటలు ఏ ఎల్.కె.జి. పుస్తకంలోనూ లేవు.

నా పాత టూల్‌బాక్సులోంచి పెద్ద నట్లు, బోల్టులు తీసి, గ్రీజు కడిగి ఇచ్చాను. ఏ నట్టు ఏ బోల్టుకు పడుతుందో తనే చూసుకుని తిప్పుతుంది. మొదట్లో అడ్డంగా ఎక్కించి బిగుసుకుంటే ఏడ్చేది. చేయి పెట్టి సాయం చేయాలని మనకు దురద పుడుతుంది. ఆపుకోవాలి. ఇప్పుడు వెనక్కి అరచుట్టు తిప్పి, దారం కుదిరాక ముందుకు తిప్పుతోంది. ఆ కిటుకు ఎవరూ చెప్పలేదు.

ఇంకొక ఆట చెబితే మీకు నవ్వూ వస్తుంది, ఇంకొకటీ వస్తుంది. 2024 ఆగస్టు 5న మన పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదీ నేలమట్టం చేశారు గదా. ఆ వీడియో ఎవరో చూపించారు. అప్పటి నుంచి స్టీలు గ్లాసులు ఎనిమిది బోర్లించి, వరుసగా పేర్చి, "ఢాం" అని పడగొడుతుంది. ఏడే ఉంటే ఊరుకోదు, ఇంకొకటి తెమ్మంటుంది. అంకెలు నేర్పకుండానే ఎనిమిది వచ్చింది. ఆ టవర్ల కింద ముప్ఫై ఏళ్ళు నడిచినవాణ్ణి, ఆ చప్పుడు వినగానే నాకు ఒక్క క్షణం ఎలాగో ఉంటుంది. తరువాత మళ్ళీ పేర్చడానికి కూర్చుంటాను.

మీరు మీ ఇంట్లో ఒకటి చేసి చూడండి. రెండు ఒకే రకం లోటాల్లో సమంగా నీళ్ళు పోసి పిల్లకు చూపించండి. ఒక లోటాలోవి సన్నని పొడుగు గ్లాసులోకి ఒంపి, ఎందులో ఎక్కువ అని అడగండి. నాలుగేళ్ళ పిల్ల పొడుగు గ్లాసు చూపిస్తుంది. తెలివితక్కువ అనుకోకండి. పియాజే అనే స్విట్జర్లాండు పండితుడు దీని మీదే చాలా పని చేశాడు. ఆరేడేళ్ళ దాకా పిల్లలందరూ అంతే. చెప్పి ఒప్పించలేము. ఒంపుకుని, మళ్ళీ తిరగ ఒంపుకుని వాళ్ళంతట వాళ్ళు తేల్చుకోవలసిందే.

జాగ్రత్తలు కొన్ని. మూడేళ్ళ లోపు వాళ్ళకు చింతగింజలు, పల్లీలు, నాణేలు అందనివ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. మూడు దాటినా మనం పక్కన ఉండాలి. మన అడవిలో గురివింద గింజలు అందంగా ఉంటాయి, మన చిన్నప్పుడు ఆడుకున్నాము. నమిలితే అది ప్రాణం తీసే విషం. ఆముదం గింజలూ అంతే, పచ్చగన్నేరు కాయలూ అంతే. గడియారాల్లో, రిమోట్లలో ఉండే బిళ్ళ బ్యాటరీ మింగితే రెండు గంటల్లో గొట్టం కాలిపోతుంది, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇక ఫోను సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: రెండేళ్ళ లోపు అసలే వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళకు రోజుకు గంట మించకూడదు, ఎంత తగ్గితే అంత మేలు. మూడు నాలుగేళ్ళ వాళ్ళు రోజుకు మూడు గంటలు ఒళ్ళు కదిలించాలి అని కూడా చెప్పింది. దాన్ని మనం పట్టించుకోము.

కోడలికి ఇదంతా చెప్పాను. ఒక్కసారిగా ఒప్పుకోలేదు. "మీరు చెప్పింది నిజమే మామయ్యగారూ, కాని బడి వాళ్ళు సీటు ఇవ్వకపోతే?" అంది. అది న్యాయమైన ప్రశ్నే. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే దశ అని, ఆటే చదువు అని రాసింది. 2023 ఫిబ్రవరిలో ఎన్.సి.ఇ.ఆర్.టి. ఆ వయసు పిల్లల కోసం బొమ్మలు, పజిళ్ళు, చేతిబొమ్మలతో "జాదూయీ పిటారా" అనే పెట్టె కూడా విడుదల చేసింది. కాగితం మీద అంతా మన పక్షమే. బడి గేటు దగ్గర మాత్రం పెన్సిలు. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాము. జూన్ దాకా బియ్యంలో, ఇసుకలో వేలితో దిద్దడం, లావు సుద్దముక్కతో గచ్చు మీద గీయడం. వాళ్ళు హైదరాబాదులో ఇంకో రెండు బడులు చూడాలి, అక్కడి పిల్లలు నేల మీద ఆడుతున్నారా, బల్లల దగ్గర రాస్తున్నారా అని కళ్ళతో చూసి రావాలి. మొన్న ఒకటి చూసి వచ్చారు. ఇసుక గుంట ఉందట. ఫీజు ఎక్కువట. ఇంకా తేలలేదు.

ఇక సంఘానికి ఒక మనవి. ఈ హాలు ఆదివారం ఉదయం ఖాళీగానే ఉంటుంది. తొమ్మిది నుంచి పదకొండు దాకా మనవళ్ళనూ మనవరాళ్ళనూ తీసుకుని ఇక్కడికి రండి. అధ్యక్షుల వారు మౌఖికంగా ఒప్పుకున్నారు. అక్కయ్యలు పాత కొలపాత్రలు, జల్లెళ్ళు, మూతలు ఉన్న డబ్బాలు తీసుకురావాలి. అష్టాచెమ్మా, ఓనగుంటలు, దాడి బాగా వచ్చినవారు నేర్పాలి. వర్క్‌షాపులో పనిచేసిన మిత్రులు చెక్కముక్కలు నున్నగా చేసి ఇస్తే చాలు, అంచులు మాత్రం బాగా రుద్దాలి. ఒక మూల ఇసుక పోయించే ఖర్చు నేను పెట్టుకుంటాను. పిల్లుల బెడద ఉంది కాబట్టి రాత్రి పూట దాని మీద కప్పడానికి ఎవరి దగ్గరైనా పాత టార్పాలిన్ ఉంటే చెప్పండి. వచ్చేవారు పిల్లల వయసుతో సహా పేర్లు కార్యదర్శి గారి దగ్గర ఈరోజే రాయించండి. భోజనాల పిలుపు వచ్చింది. సెలవు.