అయిదంకెల వెనుకనున్న పని
(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల నుద్దేశించి ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



మన తెలుగు పిల్లలు పలువురు నేడు చెన్నపట్టణమునను, హైదరాబాదునను మెడికల్ కోడింగ్ అను ఉద్యోగములలో నున్నారు. అమెరికా ఆసుపత్రుల లెక్కలను ఇచ్చట కూర్చుండి వ్రాయుటేమని మీలో కొందరు మమ్మడుగుచున్నారు. ఒక్క పరీక్షను తీసికొని చెప్పుదుము.

అమెరికా వైద్యసంఘమువారు 1966లో సి.పి.టి. అను సంకేతావళిని ప్రకటించిరి. వైద్యుడుగాని, ప్రయోగశాలగాని చేసిన పనిని బీమా కంపెనీకి తెలుపునది అందలి అయిదంకెల సంఖ్యయే.

రోగి మూత్రములో బాక్టీరియా ఉన్నదని వైద్యునకు అనుమానము కలిగినదనుకొనుడు. ప్రయోగశాలవారు కొలిచిన నమూనాను అగరు పళ్లెముపై పూసి, వెచ్చని పెట్టెలో నుంచుదురు. పాలు తోడుకొనుటకు వెచ్చదనము కావలసినట్లే ఇదియును. మరునాటికి పుట్టిన చుక్కలవంటి గుంపులను లెక్కించుదురు. ఈ లెక్కకు 87086. ఆ గుంపులను వేరుచేసి, ఏ జాతివో ప్రాథమికముగా గుర్తించినచో 87088. అంతతో తేలక మరికొన్ని పద్ధతులచే రూఢిగా నిర్ణయింపవలసి వచ్చినచో, వేరుచేసిన ఒక్కొక్క బాక్టీరియాకు 87077. ఏ మందు ఎంత స్వల్పమాత్రలో దాని పెరుగుదలను ఆపునో కనుగొన్నచో 87186. రక్తపరీక్షకైతే దారియే వేరు; దాని కల్చరుకు 87040, ప్రాథమికమైన గుర్తింపు అందులోనే ఇమిడియున్నది.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. మూత్రపు పళ్లెములో ఏమియు మొలవలేదనుకొనుడు. అప్పుడు 87086 ఒక్కటే వ్రాయవలెను. గుర్తింపు కూడ చేయుడని వైద్యుడు చీటీలో కోరియుండవచ్చును. చేయని పనికి సంఖ్య వేయరాదు. వేసినచో రోగియో, బీమావారో జరుగని పనికి సొమ్మిచ్చుకొందురు. రెండు జాతులను రూఢిగా గుర్తించినప్పుడు 87077 ఒక్కమారే లెక్కించినచో నష్టము ప్రయోగశాలది. కోరిన చీటీ చాలదు, నివేదికను చదువవలెను.

సంఖ్యలను కంఠస్థము చేసినంతమాత్రమున ఈ పని రాదు. పుస్తకము ఎట్లును ఎదుటనే యుండును. ఏటేట మారుచునుండును గూడ. నివేదికలన్నియు ఆంగ్లముననే యుండును గనుక ఆంగ్లము అక్కరలేదని మేమనము. కాని సూక్ష్మజీవుల పాఠమును తెలుగున చక్కగా గ్రహించిన బాలికకు, కల్చర్ అను మాట చూచినంతనే ఆ పళ్లెము కన్నులకు కట్టును. కోడింగ్ శిక్షణాలయమువారు కొన్ని నెలలలో సంఖ్యలు నేర్పగలరు. ఈ పాఠము మాత్రము ఇచ్చటనే జరుగవలెను.

అందుచేత మీకొక మనవి. ట్యూషను కొరకై పిల్లలచేత విజ్ఞానశాస్త్ర ప్రయోగముల గంటను మాన్పింపకుడు.