కడప నవాబు ఆడపడుచు

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఏదైనా మన జిల్లా చరిత్ర చెప్పండి, డి.ఏ. బకాయిల మాట మాత్రం ఎత్తకండి" అని కార్యదర్శి గారు ముందే షరతు పెట్టారు. నేను చరిత్రకారుణ్ణి కాను. మూడు తాలూకా కచేరీల్లో ఫైళ్ళు మోసిన గుమాస్తాను. చెప్పేదేదో గుమాస్తా చూపుతోనే చెబుతాను.

మా మనమరాలు ఇంగ్లీషు నవలలు తెగ చదువుతుంది. వాటిలో ఒక రకం ఉందట. స్కాట్లండు కొండల్లోని వీరుడొకడు శత్రువుల పిల్లను చెరపట్టి కోటకు తెస్తాడు. ఆ పిల్ల ఎదురు తిరుగుతుంది, తిడుతుంది, చివరికి ఇద్దరికీ ప్రేమ కుదిరి పెండ్లవుతుంది. "మన పక్క ఇట్లాంటి కథ లేదా తాతా?" అని అడిగింది. ఉంది. కానీ అది ఆ నవలల మాదిరి నడవలేదు.

జమ్మలమడుగు వారు గండికోట కథ ఎత్తుకుంటానని అనుకుని ఉంటారు. 1652లో మీర్ జుమ్లా ఆ కోట పట్టిన కొత్తలోనే ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వచ్చి చూసి రాసిపెట్టాడు. కోటలోని ఆడవాళ్ళ గురించి మనం చెప్పుకునేవి మాత్రం నోటి మాటలు. అందుకని కాగితం మీద ఉన్న కథకే వస్తాను.

కడప నవాబులు మయానా పఠానులు. హైదర్ అలీ 1776లో మురారిరావు నుండి గుత్తి కోటను తీసుకున్నాక అతని చూపు కడప మీద పడింది. అప్పటి నవాబు అబ్దుల్ హలీం ఖాన్. 1779లో హైదర్ స్వయంగా దండెత్తి వచ్చాడు. పోరు దువ్వూరు దగ్గర జరిగింది. మైదుకూరు నుండి ఆళ్ళగడ్డ బస్సెక్కిన వారందరూ దాటిపోయే దువ్వూరే అది. పఠాను రౌతులు గట్టిగానే నిలబడ్డారు గానీ పెద్ద సేన చుట్టుముట్టేసరికి లొంగక తప్పలేదు.

లొంగినవారిని ఆయుధాలు అప్పగించమంటే ఎనభై మంది దాకా కత్తులు ఇచ్చేది లేదన్నారు. ఆ రాత్రి కాపలావాళ్ళను నరికి నేరుగా హైదర్ డేరా మీదికి ఉరికారు. అలికిడి విన్న హైదర్ పడక మీద దిండు పెట్టి, మనిషి పడుకున్నట్టు దుప్పటి కప్పి, డేరా గుడ్డను చీల్చుకుని బయటపడ్డాడు. తరువాత పట్టుబడ్డవారికి పడిన శిక్షలు ఆడవాళ్ళు, పిల్లలు ఉన్న ఈ సభలో చెప్పదగినవి కావు.

నవాబు పెన్న ఒడ్డునున్న సిద్ధవటం కోటలో తలదాచుకుని, అక్కడే లొంగిపోయాడు. అతన్ని కుటుంబంతో సహా శ్రీరంగపట్నానికి పంపించారు. ఆ బందీలలో నవాబు తోబుట్టువు ఒకామె ఉంది, చాలా అందగత్తె. హైదర్ ఆమెను అంతఃపురానికి రప్పించబోతే, నిఖా లేకుండా అడుగు పెట్టేది లేదని, బలవంతం చేస్తే ప్రాణం తీసుకుంటానని అన్నదట. ఇంగ్లీషువారు రాసిన మైసూరు చరిత్రలు చెప్పే మాట ఇది. హైదర్ దిగివచ్చాడు. పద్ధతి ప్రకారం నిఖా జరిగింది. ఆమెకు బక్షీ బేగం అనే బిరుదిచ్చి అంతఃపురానికి పెద్దను చేశాడు.

నవల అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. దీన్ని ప్రేమ కథ అనడానికి నాకు నోరు రాలేదు. అప్పటికి హైదర్ అరవైకి దగ్గర పడ్డవాడు. ఆమె అన్నదమ్ముల రాజ్యం పోయింది, ఊరు పోయింది, నమ్ముకున్న రౌతుల గతి ఏమయిందో ఆమె వినే ఉంటుంది. చేతిలో మిగిలింది ఒక్క 'కాదు' అనే మాట. ఆ మాటను ఆమె ఊరికే పోనివ్వలేదు. ఉంపుడుగత్తెగా కాదు, భార్యగా రాయించుకుంది. మన భాషలో చెప్పాలంటే, రిజిస్టరులో ఎంట్రీ వేయించుకుంది!

ఆ ఎంట్రీ విలువ తరువాత తెలిసింది. పెండ్లయిన మూడేండ్లకు, 1782 డిసెంబరు 7న, హైదర్ చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో చనిపోయాడు. 1792లో ఆమె పుట్టినగడ్డ మైసూరు వారి నుండి నిజాముకు, 1800లో కుంపిణీకి చేతులు మారింది. ఈ మధ్యలో 1799లో శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు చనిపోయాక, ఆ కుటుంబాన్నంతా కుంపిణీ వారు వేలూరు కోటకు చేర్చి భత్యాలు ఏర్పాటు చేశారు. అంటే మొదట హైదర్ చెర, తరువాత ఇంగ్లీషు వారి చెర. 1806 జూలై 10న వేలూరులో సిపాయిలు తిరగబడ్డారు. ఆ ఏడాదే బక్షీ బేగం కన్నుమూసింది. హైదర్ భార్యగానే సమాధి కట్టారు.

ఇంతా చేసి, బక్షీ బేగం అన్నది బిరుదే. పుట్టింట్లో ఆమెను ఏమని పిలిచేవారో ఆ చరిత్రల్లో లేదు. ఫలానా వారి తోబుట్టువు, ఫలానా వారి భార్య, అంతే.

నవ్వకండి, మన సర్వీసు రిజిస్టర్లలోనూ ఇదే తంతు. ఒక అటెండరు పోయాక ఆయన భార్య ఫ్యామిలీ పెన్షనుకు తిరిగిన తిరుగుడు నేను కళ్ళారా చూశాను. రిజిస్టరులో ఇంట్లో పిలిచే పేరు, ఆధార్‌లో అసలు పేరు. ఇద్దరూ ఒకటేనని నిరూపించుకోవడానికి ఆ తల్లికి ఏడాది పైన పట్టింది. అయ్యలారా, ఇంటికి పోయి పి.పి.ఓ. తీసి, మీ ఇంటావిడ పేరు అందులో ఎట్లా ఉందో, అసలు ఉందో లేదో చూడండి. అమ్మలారా, మీరే అడిగి చూడండి, ఆయనకు గుర్తుండదు.

వేలూరు ఆసుపత్రికి పోవడం మన జిల్లా వాళ్ళకు కొత్త కాదు. రిపోర్టులు వచ్చేదాకా లాడ్జిలో కూర్చుని ఏం చేయాలో తోచదు. కోటకు తూర్పున దగ్గరలోనే ఆ సమాధులున్నాయి. ఆటో వాడిని టిప్పు కుటుంబం సమాధులు అని అడిగితే తీసుకుపోతాడు. మన కడప ఆడపడుచు అక్కడే ఉంది.