రిపోర్టు చేతికొచ్చిన రోజు

ఈ స్మారకోపన్యాసం మా మాస్టారి పేరిట. వార్డులో రోగి మంచం మీదే కూర్చుని మాట్లాడేవారు, సిస్టర్లు విసుక్కునేవారు. తనకు షుగరున్న సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు, కాఫీలో పంచదార మానలేదు. ఆ మొండితనం మీద నాకు కోపం ఇంకా పోలేదు. ఇక విషయానికొస్తాను.

షుగరు, ఊబకాయం ఉన్నవాళ్ళలో డిప్రెషన్ ఎక్కువని ఇప్పుడెవరూ కాదనరు. దీర్ఘకాలపు దుఃఖం మధుమేహానికి దారితీస్తుందని 17వ శతాబ్దంలోనే థామస్ విల్లిస్ రాశాడు. మధుమేహం ఉంటే డిప్రెషన్ అవకాశం రెట్టింపని 2001లో ఆండర్సన్ బృందం లెక్క తేల్చింది. ఊబకాయానికీ డిప్రెషన్‌కీ రాకపోకలు రెండు వైపులా ఉన్నాయని 2010లో లుపినో బృందం చూపింది. దీనికి కారణాలుగా చెప్పే కార్టిసాల్, ఇన్సులిన్ నిరోధం వగైరా మీరు చదువుకున్నవే, వదిలేస్తున్నాను.

నా తగాదా ఒక్కచోటే. రక్తంలో చక్కెర పెరగడం వల్లే దిగులు పుడుతుందని ప్రతి సదస్సులోనూ వింటున్నాను. మరి చక్కెర ఉండీ, ఉన్నట్టు తెలియనివాళ్ళ సంగతేమిటి? 2007లో నెదర్లాండ్స్‌లో క్నోల్ బృందం చూస్తే డిప్రెషన్ లక్షణాలు జబ్బు బయటపడినవాళ్ళలోనే ఎక్కువ, బయటపడనివాళ్ళలో కాదు. 2008లో అమెరికాలో షెరిటా గోల్డెన్ బృందం కొన్నేళ్ళు వెంబడించి చూసింది. మందులు వాడుతున్నవాళ్ళలో కొత్తగా దిగులు పెరిగింది. మందుల్లేని మధుమేహుల్లో పెరగలేదు. 2011లో నౌవెన్ బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినా ఇంతే.

దీనికి చక్కెరే కారణమనేవాళ్ళ జవాబు: తెలియనివాళ్ళకు జబ్బింకా ముదరలేదు. సరే. అలాగైతే ప్రీడయాబెటిస్‌లో కొంచెమైనా పెరగాలి కదా? గోల్డెన్ లెక్కల్లో పెరగకపోగా కాస్త తగ్గింది. అప్పుడు దిగులుకు కారణం ఒంట్లోని ఇన్‌ఫ్లమేషన్ (వాపు) అంటారు. 2013లో రైసన్ బృందం 60 మంది డిప్రెషన్ రోగుల మీద ఆ వాపును అణచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ మందు వాడి చూసింది. మొత్తమ్మీద ఉత్తి సెలైన్‌కన్నా మెరుగేమీ లేదు, రక్తంలో వాపును చూపే సీఆర్పీ బాగా ఎక్కువున్నవాళ్ళకే కొంత ఉపయోగం. నా ప్రత్యర్థులు రెండో సగమే చదువుతారు. 2019లో టిరెల్ బృందం చెప్పినది వాళ్ళకు ఇంకా ఇబ్బంది: ఒళ్ళు పెంచి, చక్కెరను మాత్రం పెంచని జన్యువులున్నవాళ్ళలోనూ డిప్రెషన్ ఎక్కువే. అక్కడ తప్పు చక్కెరదా, లావుగా ఉన్నవాణ్ణి చూసి మనం విసిరే మాటలదా?

పైగా డిప్రెషన్ కొలవడానికి మనం వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి చూడండి. రాత్రంతా మూత్రానికి లేచేవాడికి నిద్ర ప్రశ్నలో మార్కులు, మర్నాటి అలసటకు ఇంకొన్ని. మొత్తం 10 గానీ ఆపైన గానీ వస్తే డిప్రెషన్ ఉందేమో చూడమంటాం.

చక్కెరకు పాత్రే లేదని నేననడం లేదు. రిపోర్టు చేతికొచ్చిన రోజున ఏం జరుగుతోందో చూడమంటున్నాను. "అన్నం తగ్గించు, తీపి మానెయ్, నడువ్" అని రెండు నిమిషాల్లో పంపేస్తాం. ఆ రోగి ఇల్లాలైతే, ఇంటికెళ్ళి అందరికీ అన్నం వండి, తనకొక్కదానికే జొన్నరొట్టె చేసుకోవాలి. కూతురికి సంబంధం కుదిరేదాకా మందుల డబ్బా బియ్యం డబ్బా వెనక దాచాలి. ఈ బరువుని ఏ రక్తపరీక్షా కొలవదు.

అందుకే మేమిప్పుడు ఒక పని మొదలుపెట్టబోతున్నాం. షుగరు పరీక్షకు వచ్చినవాళ్ళను వేలు గుచ్చకముందే దిగులు గురించి అడుగుతాం. ఫలితం చెప్పాక నెల తర్వాత ఒకసారి, ఆర్నెల్ల తర్వాత ఒకసారి మళ్ళీ అవే ప్రశ్నలు. షుగరు లేదని తేలినవాళ్ళనూ అలాగే అడుగుతాం. తేడా చక్కెర వల్లో, కబురు వల్లో అప్పుడు కొంతైనా తేలుతుంది. షుగరునీ దిగులునీ ఒకేచోట చూస్తే రోగులు బాగుపడతారని మన విశాఖపట్నం క్లినిక్కు కూడా పాల్గొన్న 'ఇండిపెండెంట్' అనే అధ్యయనం 404 మందితో 2020లో చూపించింది. ఎందుకు బాగుపడ్డారన్నదే నా ప్రశ్న.

మొదటిరోజే దిగులు ఎక్కువని తేలినవాళ్ళను ఏంచేస్తారని ఎథిక్స్ కమిటీ అడిగింది. సరైన ప్రశ్నే. ఆ రోజే సైకియాట్రిస్టుకు చూపించాలి, అంటే ఓపీలో మా పక్కన ఒకరు కూర్చోవాలి. ముందు వరసలో సైకియాట్రీ శాఖవాళ్ళు ముగ్గురు కనిపిస్తున్నారు. టీ తాగి వెళ్ళిపోకండి, మీతో పనుంది.