రాయి ఒక్కటే శిల్పమా?

(నాచారంలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శిల్పం అనగానే మనకు రాయి, కంచు గుర్తొస్తాయి. నీళ్ల ట్యాంకులకు, పైకప్పు రేకులకు వాడే ఫైబర్‌గ్లాస్‌తో బొమ్మ చేస్తే దాన్ని కళ అంటారా, సరుకు అంటారా?

ఆ పని చేసి చూపించిన మనిషి మన సూర్యాపేట బిడ్డ. పేరు జి. రవీందర్ రెడ్డి. 1956లో పుట్టారు. బరోడాలో, ఆ తర్వాత లండన్‌లో చదివారు. కానీ ఆయన బొమ్మల్లో ఉన్నది లండన్ ముఖం కాదు. కొప్పు నిండా పూలు, ఇంతింత కళ్లు, సూటి చూపు. అవి మన వాడకట్టు ఆడవాళ్ల ముఖాలు. కొన్ని తలలు మనిషి ఎత్తును మించి ఉంటాయి. కొన్నింటికి దేవతా విగ్రహానికి పెట్టినట్టు బంగారు రేకు పెట్టారు.

పనితనం చూడండి. ముందు మట్టితో రూపం. దాని మీద అచ్చు. అచ్చులో గాజు పీచు పరిచి, రెజిన్ పూస్తూ పొర మీద పొర. గట్టిపడ్డాక అచ్చు విప్పితే లోపల బోలు, బరువు తక్కువ. అంత పెద్ద తలను రాతితో చేస్తే కదిలించడమే కష్టం.

ఇది మనకు కొత్త కాదు. చేర్యాల నకాషీలు రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి బొమ్మలు, మాస్కులు చేస్తున్నారు. దొరికిన వస్తువుతో కళ పుట్టించడం మన ఊర్ల విద్య.

ఇగ అసలు మాట. అదే రెజిన్ నుంచి స్టైరిన్ ఆవిరి వస్తుంది. కళ్లు, గొంతు మండుతాయి. గాజు ధూళికి ఒళ్లంతా దురద. గ్యాలరీలో బొమ్మ కింద కళాకారుని పేరుంటుంది. మరి షెడ్డులో అదే పని చేసే కార్మికునికి పేరు లేకపోతే పోయె, ముక్కుకు మాస్కు, చేతికి గ్లవ్స్, గాలి బయటికి పోయే ఫ్యాన్ అయినా ఉండాలె గదా!

ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఎక్కడో మాసబ్‌ట్యాంక్‌లో ఉంది. ఉప్పల్ భగాయత్‌లో మినీ శిల్పారామం ఉంది. అక్కడ ఒక్క షెడ్డు అడుగుదాం. ఆర్ట్ చదివే పిల్లలు, నాచారం కార్మికులు కలిసి ఇనుము, ఫైబర్, తుక్కు మీద పని చెయ్యాలె. ఒకరికి అచ్చు తీసే ఒడుపు తెలుసు, ఇంకొకరికి బొమ్మ గీయడం తెలుసు. నేర్పేది ఎవరో, నేర్చుకునేది ఎవరో పని మొదలైనాక తేలుతుంది.

సంతకాల కాగితం ఈ బల్ల మీదనే ఉంది. చదివి, ఒప్పుకుంటేనే సంతకం పెట్టండి. సెలవు.