గోడవార అడ్డసరం

(ఢిల్లీలో సిబ్బంది కుటుంబాల ఉగాది కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



2024 మే 29న సఫ్దర్‌జంగ్‌లో 46.8 డిగ్రీలు నమోదైంది. ఆ రోజుల్లోనే నాన్నకు ఒంట్లో బాగాలేదని మేమంతా ఊరెళ్లాం. పన్నెండు రోజుల తర్వాత నోయిడాలో తలుపు తీసేసరికి అమ్మ పెంచిన మల్లె, మందారం, గులాబీలు కుండీల్లో నిలువునా ఎండిపోయి ఉన్నాయి. అమ్మ ఏమీ అనలేదు. కుండీలు ఒక్కొక్కటే పక్కకి జరిపింది.

వాటికి వేసవిలో రోజూ నాలుగు బకెట్లు పోసేవాళ్లం. మా ఇంట్లో పనిచేసే ఆమె ఆ నాలుగు బకెట్ల కోసమే వాళ్ల వీధిలో ట్యాంకరు దగ్గర నిలబడేదట. ఎంబీఏలో ఎన్నో ఖర్చుల లెక్కలు చదివాను గానీ, ఈ లెక్క ఎప్పుడూ వేయలేదు.

గోడవార ఒక్క పొద మాత్రం పచ్చగా ఉంది. మాలీ దాన్ని ‘బాంసా’ అనేవాడు. పిచ్చిమొక్క అనుకుని నేను రెండుసార్లు పీకించబోయాను. అమ్మ ఆకు నలిపి వాసన చూసి, “ఇది మన అడ్డసరం రా” అంది.

ఢిల్లీ రిడ్జ్ మీద, ఆరావళి గుట్టల్లో ఎవరూ నీళ్లు పోయకుండానే ఇది పెరుగుతుంది. ఆకు చేదు, మేకలు ముట్టవు. దగ్గుమందుల్లో వాడే బ్రోమ్‌హెక్సిన్‌కు మూలం ఈ ఆకులోని వాసిసినే. అలాగని కషాయం కాచుకోమనడం లేదు. గర్భిణులు అసలు తాగకూడదు. నాకు నచ్చింది పూలు. చలి తగ్గే రోజుల్లో తెల్లగా పూస్తాయి, కింది రెక్క మీద ఊదా గీతలు. గండుతుమ్మెదలు పొద్దుటి నుంచీ వదలవు.

పెంచడం తేలిక. తొలి వానలకి పెన్సిలు లావు కొమ్మ జానెడు కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చండి. నీరు నిలవని చోటైతే చాలు. మొదటి ఏడాది వారానికి రెండుసార్లు నీళ్లు. వేళ్లు దిగాక నడివేసవిలో ఎప్పుడైనా ఒక బకెట్టు. కుండీలో అయితే ఇంత మొండిగా ఉండదు, నేలలోనే వేయండి. కత్తిరింపు మాత్రం పూలయ్యాకే. నిరుడు మాలీ డిసెంబరులో చదునుగా కత్తిరించేశాడు, ఒక్క పువ్వూ లేదు. తప్పు నాదే, ముందు చెప్పలేదు.

అమ్మకి మల్లె లేని లోటు తీరలేదు. ఒక్క కుండీ మళ్లీ పెట్టాం, బియ్యం కడిగిన నీళ్లు దానికే.

జులైలో కొమ్మలు కోస్తాను. కావలసినవాళ్లు తడిగుడ్డ తెచ్చుకోండి.