రంగు తొట్టిలోని రసాయనశాస్త్రము

ఉగాదినాడు పంచాంగ శ్రవణం అయిన వెంటనే రసాయనశాస్త్రమేమిటని కొందరు నవ్వుకొనవచ్చును. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ వరకే చదివి రైల్వేలో గుమాస్తాగా ఉన్నాను. అయితే ఈ సోలాపూరు తూర్పు పేటలలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి. ఆ చనువుతో నాలుగు మాటలు చెబుతాను.

ఆక్సీకరణము, క్షయకరణము అనే మాటలు మీరు కంఠస్థం చేసే ఉంటారు. మరాఠీ బడిలో చదివేవారికి రెండవది ‘క్షపణ’. నేనూ వల్లెవేసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఆ రెండూ మా నాన్నగారి రంగు తొట్టిలో రోజూ జరుగుతున్నవని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడుగలేదు.

అద్దకం చేసే ఇళ్ల పిల్లలు ఈ వింత చూసే ఉంటారు. నీలిమందు తొట్టిలోనుంచి చిలప నూలు పైకి తీసినప్పుడు అది నీలంగా ఉండదు, పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. పిండి దండెం మీద వేస్తే చూస్తూండగానే నీలమెక్కుతుంది. ‘గాలి తగిలితేనే వన్నె’ అంటారు పెద్దలు. ఆ మాట అక్షరాలా శాస్త్రమే.

నీలిమందు నీళ్లలో కరగదు. కరగనిది పోగులోకి ఎట్లా పోతుంది? అందుకే తొట్టిలో కాస్టిక్ సోడా, హైడ్రో వేస్తారు. హైడ్రో అంటే సోడియం హైడ్రోసల్ఫైటు. దానివల్ల నీలిమందు రూపం మారి, క్షారపు నీళ్లలో కరుగుతుంది. ఇది క్షయకరణము. కరిగిన మందు పోగులోకి చొరబడుతుంది. పైకి తీయగానే గాలిలోని ఆమ్లజని తగిలి, మళ్లీ కరగని నీలిమందుగా మారుతుంది. ఇది ఆక్సీకరణము. లోపలికి కరిగి పోయినది లోపలే గడ్డకట్టి చిక్కుకుంటుంది కనుక ఉతికినా అంత సులభంగా వదలదు.

హైడ్రో రాకముందు మన తాతలేం చేశారు? బెల్లము, సున్నము వేసి తొట్టిని పులియబెట్టారు. పులిసేటప్పుడు కంటికి కనబడని సూక్ష్మజీవులు హైడ్రో చేసే పనినే చేసేవి. ఈ ఉదయం మనం పచ్చడిలో తిన్న బెల్లమే! 1897లో జర్మనీవారు కర్మాగారంలో చేసిన నీలిమందును అమ్మకానికి పెట్టారు. తరువాత మన పొలాల నీలి పంట క్రమంగా మూలపడింది.

తరిగిన వంకాయ నల్లబడేదీ ఆమ్లజని వల్లనే. వాడుకలో లేని సైడింగు పట్టాలు తుప్పుపట్టేదీ ఆమ్లజని, తేమ కలిసినందువల్లనే.

ఇక నేను అసలు చెప్పదలచినది. నేను మెట్రిక్ ప్యాసైన సంవత్సరం మా ఇంట్లో కాస్టిక్ సోడా పలుకులున్న డబ్బాలోకి చెంబెడు నీళ్లు పోశారు. భగ్గున కాగి, చింది, నాన్నగారి ముంజేయి కాలింది. సోడా కరిగేటప్పుడు వేడి పుడుతుందని నేను పరీక్షలో వ్రాసి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. అయినా పక్కన నిలబడి చూస్తున్నానే గాని, ‘ఆగండి నాన్నా’ అనలేకపోయాను. పుస్తకంలోని సోడా, మా ఇంటి సోడా ఒకటేనని నాకు తోచలేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉన్నది.

కనుక పిల్లలూ, ఇంటికి పోయి చెప్పండి. చల్లని నీళ్లలోకి సోడాను కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయరాదు. ఒంటిమీద పడితే నిమ్మరసం వెదుకుతూ కూర్చోకుండా, ధారగా నీళ్లు పోసి చాలాసేపు కడగాలి, ఆపైన డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. హైడ్రో డబ్బాకు తడి తగలనీయవద్దు. తేమ తగిలితే తనంతట తానే అంటుకోగలదు.

మరొకటి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపెక్కడం మీ అమ్మలకు తెలుసు. క్షారము ఏదైనా పసుపును అట్లాగే ఎరుపు చేస్తుంది. జాడించిన చిలపలో సోడా మిగిలిందేమో చూడాలంటే, పిండగా వచ్చిన నీటిలో పసుపు పూసిన కాగితం ముంచండి. ఎర్రబడితే ఇంకా జాడించాలి. అట్లాంటి కాగితాలు ఒక కట్ట చేసి తెచ్చాను. సభ ముగిశాక తలా నాలుగు తీసుకోండి. సబ్బునీళ్లతో, చింతపండు పులుసుతో మొదట పరీక్షించి చూడండి. ఒకటి మాత్రం మీ నాన్నగారి చేతికివ్వండి.